ఇంకో పిల్లికి చోటు లేదని చెప్పడం ఎలా?

ప్రశ్న: నా వయసు 47. ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిదేళ్ల కిందట బండి చక్రం కింద కాలు నలిగిన ఒక పిల్లిని ఇంటికి తెచ్చుకున్నాను. అలా మొదలైంది. ఇప్పుడు ఇంట్లో 26 ఉన్నాయి. ఆఫీసుకు వెళ్లేముందు, రాత్రి వచ్చాక, బయట రెండు చోట్ల వీధి పిల్లులకు తిండి పెడతాను. మా ఇంట్లో ప్రతి పిల్లికీ పేరుంది. ఏది ఎక్కడ దొరికిందో, దేనికి ఏ మందు పడదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పాతవాటికి టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు అన్నీ అయ్యాయి. ఈమధ్య ఆరేడు నెలల్లో వచ్చినవాటికి మాత్రం ఇంకా కుదరలేదు. నా నంబర్ ఎవరెవరికో తెలిసిపోయింది. గేటు ముందు అట్టపెట్టెలు పెట్టి వెళ్లిపోతున్నారు.

పోయిన నెల కాలువ గట్టున దొరికిన మూడు కూనల్ని తెచ్చి, ఇంట్లో ఉన్న నాలుగు కూనల గదిలోనే పెట్టాను. ఐదో రోజున వాంతులు మొదలయ్యాయి. డాక్టర్ పాన్‌ల్యూకోపీనియా అన్నారు, పిల్లులకు వైరస్ వల్ల వచ్చే అంటుజబ్బు. పది రోజుల్లో ఏడూ పోయాయి. 'నువ్వే తెచ్చి చంపావు' అని తెలిసినావిడ ఒకరు మొహం మీదే అనేసింది. అప్పటినుంచి ఫోన్ మోగితే గుండె దడ. జీతం నెల సగానికే అయిపోతోంది, అప్పు కూడా చేశాను. మా ఆయన ఏమీ అనరు, పై గదిలోకి మకాం మార్చేశారు. మా అమ్మాయి మాత్రం, 'పిల్లి తుమ్మితే రాత్రికి రాత్రి పరిగెడతావు, నీకు జ్వరమొస్తే మాత్రం చెప్పవు, ఇది పిచ్చి అమ్మా' అంటోంది. ఇది పిచ్చేనా? ఆపేయమంటారా? నేను కాదంటే ఆ పిల్లి గతేమిటి?

సమాధానం: మీ అమ్మాయి అన్న మాటతో మొదలుపెడతాను. అన్నిటికన్నా ఎక్కువగా గుచ్చుకున్నది అదే అనిపిస్తోంది. జంతువుల్ని పోగేసుకోవడం అనే జబ్బు లోకంలో ఉంది. గ్యారీ పాట్రోనెక్ అనే అమెరికా పశువైద్య పరిశోధకుడు 1999లో దాని గురించి రాస్తూ కొన్ని గుర్తులు చెప్పాడు. ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కదాన్నీ పట్టుకుని ఎవరినీ ఆ కోవలో వేయలేం. వాటికి కనీసపు తిండి, శుభ్రత, వైద్యం అందుతున్నాయా? అందకపోతే, అవి చిక్కి శల్యమవుతున్నా, ఇల్లు పాడవుతున్నా, తన ఆరోగ్యమూ ఇంట్లోవాళ్ల ఆరోగ్యమూ దెబ్బతింటున్నా, ఆ మనిషికి అది కనిపిస్తోందా? అసలు ప్రశ్న ఇదీ. పది పిల్లులతోనే ఆ స్థితికి వచ్చినవాళ్లు ఉంటారు, యాభై ఉన్నా చక్కగా నడుపుకొచ్చేవాళ్లూ ఉంటారు.

మీకు కనిపిస్తోంది. కనిపించబట్టే ఉత్తరం రాశారు. కాబట్టి పిచ్చి కాదు.

కానీ మీరు గబగబా దాటేసిన వాక్యం ఒకటుంది. ఈమధ్య వచ్చినవాటికి టీకాలు, ఆపరేషన్లు ఇంకా కుదరలేదని రాశారు. 26 అన్న అంకె నన్ను భయపెట్టలేదు, ఈ వాక్యం భయపెట్టింది. పాట్రోనెక్, ఆయనతో పనిచేసినవాళ్లు తర్వాత చెప్పిన రకాల్లో ఒకటి ఇలా ఉంటుంది: మొదట నిజంగానే బాగా చూసుకుంటారు, తర్వాత డబ్బో ఒంట్లో శక్తో తగ్గుతుంది, రాక మాత్రం తగ్గదు. ఒక్కో పని వాయిదా పడుతుంది. ముందు టీకా, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత పళ్ల నొప్పితో తిండి మానేసిన ముసలి పిల్లి. మీరు ఆ దారిలో మొదటి మలుపు దగ్గర ఉన్నారు. ఇక్కడినుంచి వెనక్కి రావడం కష్టమేమీ కాదు. ఇంకో రెండేళ్లు పోతే కష్టమవుతుంది.

ఇప్పుడు ఆ ఏడు కూనల సంగతి. ఈ వైరస్ ఒంట్లో చేరాక 2 నుంచి 10 రోజుల దాకా పైకి ఏమీ తెలియదు. కూన ఆడుతుంది, తింటుంది, మీ ఒళ్లో పడుకుంటుంది. ఆ తర్వాత ఒక్క రోజులో కూలబడుతుంది. టీకా పడని చిన్న కూనలకు ఇది సోకితే, డాక్టర్ దగ్గరుండి చూసినా చాలావరకు దక్కవు. కాలువ గట్టున దొరికిన ఆ మూడూ బహుశా వైరస్‌తోనే మీ చేతికి వచ్చి ఉంటాయి. వాటిని మీరు చంపలేదు. మొహం మీద అలా అన్న ఆవిడ ఇన్నేళ్లలో ఎన్ని కూనలకు రాత్రిళ్లు మేలుకుని పాలు పట్టిందో అడగాలనిపించింది నాకు. సరే, ఆవిడ సంగతి వదిలేద్దాం.

మిగతా నాలుగింటికి మాత్రం అది ఒకే గదిలో ఉంచడం వల్ల అంటి ఉంటుంది. ఈ మాట దాచి మిమ్మల్ని ఓదార్చడం నాకిష్టం లేదు, ఎందుకంటే మళ్లీ జరగకుండా ఆపగలిగేది ఈ ఒక్కచోటే. కొత్తగా వచ్చిన ఏ పిల్లినైనా కనీసం 14 రోజులు వేరే గదిలో ఉంచాలి. దానికి వేరే గిన్నెలు, మలమూత్రాలకు వేరే లిట్టర్ ట్రే. ఆ గదిలోకి వెళ్లేటప్పుడు వేసుకునే బట్టలు కూడా వేరు. రోజూ పాతవాటి పని అంతా అయ్యాక చివర్లో ఆ గదికి వెళ్లాలి, ముందు అక్కడికి వెళ్లి తర్వాత వీటి దగ్గరికి రాకూడదు. కూనలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత 3, 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. మొదటి సూది పడింది కదా, ఇక ఫర్వాలేదు అనుకోవద్దు. తల్లి పాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకా సరిగ్గా పట్టదు, అందుకే అన్నిసార్లు వేస్తారు.

ఇంకో సంగతి. ఈ వైరస్ మొండిది. నేల మీద, పరుపుల్లో, చెక్క సందుల్లో ఏడాది దాకా బతకగలదు. మామూలు సబ్బు, స్పిరిట్ దాన్ని ఏమీ చేయలేవు. ముందు మురికి పోయేలా కడిగి, తర్వాత 32 పాళ్ల నీళ్లకు 1 పాలు బ్లీచ్ కలిపి, నేలను 10 నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. ఆరేదాకా పిల్లులు అటు రాకూడదు. కడగడానికి వీలుకాని పరుపులు, గుడ్డలు, అట్టపెట్టెలు పారేయండి. ఫినాయిల్ జోలికి మాత్రం పోవద్దు, అందులో ఉండే ఫినాల్ పిల్లులకు విషం. ఎంత కడిగినా, టీకా పడని కూన ఏదీ కొన్నాళ్లు మీ ఇంట్లోకి రాకూడదు. ఎన్నాళ్లో మీ డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోండి. ఆపాలా వద్దా అని మీరు నన్ను అడిగారు గానీ, సగం జవాబు ఈ వైరస్ చెప్పేసింది. పెట్టె పట్టుకుని గేటు ముందు నిలబడినవారికి మీరు చెప్పే 'వద్దు' రాతిగుండె మాట అవదు. లోపలికి వస్తే ఆ కూన చచ్చిపోతుంది, ఉన్న సంగతి అది.

మిగతా సగం జవాబు నాది. ఆపొద్దు. పని మార్చండి.

మీరు ఇన్నాళ్లూ చేసింది వచ్చినదాన్ని వచ్చినట్టు ఎత్తుకోవడం. వచ్చేవి తగ్గవు. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. మోసేది 63 నుంచి 65 రోజులు. ఈతకు సాధారణంగా నాలుగైదు కూనలు. పాలిస్తూనే మళ్లీ కడుపుతో ఉండగలదు. మీరు తిండి పెట్టే ఆ రెండు చోట్లా ఆపరేషన్ కాని ఆడపిల్లులు ఉంటే, రేపు ఎవరో మీ గేటు ముందు పెట్టబోయే కూనలు అక్కడే పుడుతున్నాయి. వినడానికి కష్టంగానే ఉంటుంది. కడుపు నిండిన తల్లి ఎక్కువ కూనల్ని బతికించుకుంటుంది, అది సహజం. తిండి మానమని అనడం లేదు. తిండీ ఆపరేషనూ జంటగా నడవాలి, మొదటిది ఒక్కటే నడిస్తే మీ భారం మీరే పెంచుకుంటున్నట్టు.

ఫ్లోరిడాలోని ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో వీధి పిల్లులకు 1991 నుంచి ఈ పని చేశారు. పట్టుకోవడం, ఆపరేషన్ చేయించడం, మచ్చికైనవాటిని దత్తతకు ఇవ్వడం, మిగతావాటిని ఉన్నచోటే వదిలి తిండి పెట్టడం. జూలీ లెవీ బృందం 2003లో ఆ లెక్కలు ప్రచురించింది. 1995 తర్వాత అక్కడ కూనలు కనపడలేదు. 1996లో 68 ఉన్న పిల్లులు 2002కి 23 అయ్యాయి. మొత్తంలో సగానికి కాస్త తక్కువ ఇళ్లకు వెళ్లాయి. మధ్యలో కొత్తవి వచ్చి చేరుతూనే ఉన్నాయి, వాటినీ వెంటనే పట్టి ఆపరేషన్ చేయించారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒకచోట సగం పిల్లులకు చేయించి ఇంకోచోటికి పోతే, మిగిలిన సగం ఆ లోటు పూడ్చేస్తాయి. కాబట్టి మీ రెండు చోట్లలో ఒకటి ఎంచుకోండి. అక్కడున్న ప్రతి పిల్లికీ అయ్యేదాకా రెండోదాని జోలికి వెళ్లొద్దు. ముందు ఆడపిల్లులు, ఆ తర్వాత గండుపిల్లులు.

మీరు టైముకు తిండి పెట్టే అలవాటు ఇప్పుడు అక్కరకొస్తుంది. ట్రాప్ కేజ్ అంటే పిల్లి లోపలికి వెళ్లగానే తలుపు పడిపోయే బోను. దాని తలుపు పడకుండా రెండు మూడు రోజులు తెరిచి కట్టేసి, అందులోనే తిండి పెట్టి అలవాటు చేయండి. పట్టాలనుకున్న ముందు రాత్రి తిండి మానేయండి, ఆకలి మీద ఉన్న పిల్లి కేజ్‌లోకి తనంతట తానే నడుస్తుంది. తలుపు పడగానే మీద దుప్పటి కప్పితే కొట్టుకోవడం మానేస్తుంది. మత్తులో ఉన్నప్పుడే ఎడమ చెవి కొస కాస్త కత్తిరించమని డాక్టర్‌కు చెప్పండి. దూరం నుంచి చూసినా ఆపరేషన్ అయిందని తెలుస్తుంది, ఇంకోసారి దాన్ని పట్టి కోయరు. ఆరోగ్యంగా ఉన్న కూనలకు 8 వారాలకే, బరువు సుమారు కిలో వస్తే చేసే డాక్టర్లు ఉన్నారు. ఎదకొచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

వీధిలోనే పుట్టి పెరిగి, మనిషిని చూస్తే ఉలిక్కిపడే పెద్ద పిల్లిని ఇంట్లోకి తేవద్దు. పిల్లి మనిషికి మచ్చికయ్యే వయసు ప్రధానంగా రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ వయసులో మనిషి చేయి తగలని పిల్లికి మీ ఇల్లు జైలు. మంచం కింద నెలల తరబడి నక్కి ఉండేవి మీ 26లో రెండు మూడు ఉండే ఉంటాయి. ఆపరేషన్ చేయించి దాని చోటికి దాన్ని పంపేయడం వదిలించుకోవడం కిందికి రాదు.

ఇక ఫోన్. ఇది మీకు అన్నిటికన్నా కష్టం అని తెలుసు. మీరు ఎత్తగానే అవతలివాళ్ల బాధ్యత తీరిపోతోంది, అందుకే అన్ని ఫోన్లు వస్తున్నాయి. ఇకమీదట పనిని వాళ్ల చేతిలోనే ఉంచండి. 'నేను తీసుకోలేను. మీరు చేస్తానంటే ఎలా చేయాలో దగ్గరుండి చెప్తాను' అనండి. ఈ రెండు వాక్యాలు కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి, గొంతు వణికినప్పుడు చదివేయవచ్చు. వీలైతే ఒక ట్రాప్ కేజ్ అరువిచ్చేందుకు సిద్ధంగా ఉంచండి. కొంతమంది విసుక్కుని పెట్టేస్తారు. కొంతమంది నిజంగానే చేస్తారు, వాళ్లలోంచే మీకు సాయం చేసేవాళ్లు దొరుకుతారు.

కూనలు దొరికాయని ఫోన్ చేసినవాళ్లను ముందు అడగాల్సింది, 'తల్లి రాలేదని ఎలా తెలుసు?' అని. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనం ఊరికే అనలేదు. ఒకదాన్ని నోట కరుచుకుని వెళ్లి ఇంకోదాని కోసం వచ్చేలోపు, మిగతావి అనాథల్లా కనిపిస్తాయి. తిండి వెతుక్కుంటూ పోయిన తల్లి కొన్ని గంటలు రాకపోవచ్చు. కూనలు వెచ్చగా, పొట్టలు నిండి, అరవకుండా పడుకుని ఉంటే తల్లి చుట్టుపక్కలే ఉంది. దూరంగా నిలబడి చూడమనండి, దగ్గర కూర్చుంటే అది రాదు. మంచి మనసుతో ఎత్తుకొచ్చిన కూనల్లో నిజానికి తల్లి ఉన్నవి చాలా ఉంటాయి. తల్లి నిజంగా లేదని తేలితే, కూన చల్లబడి ఉంటే, ముందు ఒంటికి వెచ్చదనం ఇవ్వాలి, తర్వాతే పాలు. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, ప్రాణం మీదికొస్తుంది. ఆవుపాలు వద్దు, కూనల కోసం అమ్మే పాలపొడి వాడాలి. బోర్లా ఉంచి పట్టాలి, చంటిబిడ్డలా వెల్లకిలా కాదు. ఇవన్నీ మీకు కంఠతా వచ్చినవే. మీరు ఫోన్‌లో చెప్పగలిగితే ఆ కూనలు మీ ఇంటికి రాకుండానే బతుకుతాయి.

మీరు కాదన్న పిల్లుల్లో కొన్ని చచ్చిపోతాయా అంటే, పోతాయి. లేదని నేను చెప్పలేను. మీరు అవునన్నవాటిలోనూ కొన్ని పోయాయి. 26 పిల్లులు, నెల సగానికే అయిపోయే జీతం, ఒక మనిషి రెండు చేతులు. ఇరవై ఏడోది వస్తే దాని మందు ఈ ఇరవై ఆరింటిలో ఒకదాని వంతులోంచి పోతుంది. ఇన్నాళ్లూ అది ఏ పిల్లి వంతో మీరు చూసుకోలేదు, అంతే తేడా.

ఉన్నవాటిలో దత్తతకు వెళ్లగలిగినవి ఎన్నో ఈ నెలలోనే లెక్కవేయండి. చిన్నవి, మనిషి ఒడి కోరేవి, ఆరోగ్యంగా ఉన్నవి. ఆపరేషన్, టీకాలు అయ్యాకే ఇవ్వండి. మీలాంటివాళ్లతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఏ ఇల్లూ నచ్చదు. 'నా అంత బాగా చూసుకోరు' అంటారు. చూసుకోకపోవచ్చు. కానీ రోజంతా ఒకే పిల్లిని ఒళ్లో పెట్టుకునే తీరిక మీకు లేదు, వాళ్లకు ఉంది. ఇల్లు చూడండి, నాలుగు ప్రశ్నలు అడగండి, కుదరకపోతే వెనక్కి తీసుకుంటానని చెప్పండి, ఇచ్చేయండి. ఒకదానితో ఒకటి అంటిపెట్టుకుని తిరిగే జంటల్ని మాత్రం విడదీయొద్దు.

డబ్బు దగ్గర నేను కాస్త కటువుగానే చెప్తాను. పిల్లుల కోసం ఇంకో అప్పు వద్దు. నెలకు ఇంత అని మీరూ మీ ఆయనా కూర్చుని తేల్చుకోండి, దాన్ని వేరే ఖాతాలో వేయండి. ఆ సొమ్ములోంచి ముందు పోవాల్సింది మీరు వాయిదా వేసిన టీకాలకూ ఆపరేషన్లకూ. మగపిల్లుల్నీ ఆడపిల్లుల్నీ అంతవరకూ వేరు గదుల్లో ఉంచండి, లేదంటే వచ్చే పెట్టె బయటినుంచి రాదు, మీ ఇంట్లోనే తయారవుతుంది.

మీ అలసట గురించి. ఎదుటివారి బాధను రోజూ మోసేవాళ్లకు వచ్చే ఈ అలసట గురించి చార్లెస్ ఫిగ్లీ అనే మనస్తత్వవేత్త 1995లో ఒక పుస్తకమే తెచ్చాడు. నర్సులు, కౌన్సెలర్లతో మొదలైన ఆ చర్చ తర్వాత పశువైద్యుల దాకా, జంతువుల షెల్టర్లలో పనిచేసేవాళ్ల దాకా వచ్చింది. ఫోన్ మోగితే దడ, నిద్ర లేకపోవడం, ఇంట్లోవాళ్లకు దూరమవడం అన్నీ దాని గుర్తులే. నెలలు గడిచినా తగ్గకపోతే కౌన్సెలర్‌ను కలవండి, అందులో నామోషీ ఏమీ లేదు. వారంలో ఒక పూట ఫోన్ ఆపేయండి. ఆ పూట మీ అమ్మాయిది. జ్వరమొస్తే చెప్పండి, ఆ పిల్ల అడిగింది అంతే కదా. మీ ఆయన పై గదికి ఎందుకు వెళ్లారో కూడా అడగండి. వాసన వల్లా, నిద్ర చాలకా, అలకా? కారణాన్ని బట్టి పరిష్కారం. ఇల్లు కట్టుకున్న మనిషికి పిల్లి అడుగు పెట్టని గది ఒకటి ఉండటం న్యాయమే.

ఇంకో చిన్న సంగతి, మీరు అడగకపోయినా. పిల్లి కరిచినా రక్కినా 'మన పిల్లే కదా' అని ఊరుకోవద్దు. ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లి పంటి గాయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది, లోతుగా దిగి చీము పడుతుంది. రేబిస్ భయం ఎలాగూ ఉంది. వీధి పిల్లుల్ని పట్టేవాళ్లు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవచ్చు, దాని గురించీ అడగండి. అలాగే మీ ఇంట్లో పారాసిటమాల్ బిళ్లలు పిల్లికి అందేచోట పెట్టొద్దు, జ్వరమని ఎవరైనా ప్రేమతో వేసినా పిల్లికి ఒక్క బిళ్ల చాలు ప్రాణం తీయడానికి.

ఈ వారం మాత్రం ఒకే పని చేయండి. నోట్‌బుక్ తీసి 26 పిల్లుల పేర్లు రాయండి. ఒక్కోదాని ఎదురుగా గుర్తులు, టీకా ఎప్పుడు పడింది, ఆపరేషన్ అయిందా, ఏ మందు నడుస్తోంది, మీకు పది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే దాన్ని ఎవరు చూస్తారు. ఇప్పుడు ఇదంతా మీ ఒక్కరి తలలోనే ఉంది. చివరి గడి దగ్గర మీ కలం ఎన్నిసార్లు ఆగిపోయిందో చూసుకోండి. కలం ఆగిన పిల్లులకే ముందుగా ఇల్లు వెతకాలి. రాయడం అయ్యాక ఒక కాపీ మీ అమ్మాయికి, ఇంకోటి మీ డాక్టర్‌కు ఇవ్వండి.